బియ్యం సంచిలో చెవి మిషన్ బ్యాటరీ కూడా పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

తుపాన్ల నెలలు వచ్చేస్తున్నాయి. కోస్తా జిల్లాల్లో చర్చిల సహాయ కమిటీలు ఏటా ఈ రోజుల్లోనే జాబితాలు రాసుకుంటాయి. బియ్యం, కందిపప్పు, మంచినూనె, దుప్పటి, చాప, కొవ్వొత్తులు, దోమల చక్రాలు. ఏ ఊరి జాబితా చూసినా దాదాపు ఇవే. చెవి మిషన్ బ్యాటరీ మాత్రం ఎక్కడా కనపడదు. ఆరు బ్యాటరీలుండే కార్డు రెండు మూడు వందలకు దొరుకుతుంది. అది లేకపోతే పునరావాస కేంద్రంలో ఉన్న పెద్దాయనకు తన పేరు పిలిచిన సంగతే తెలియదు. భోజనాల వరసలో ముందున్నవాళ్లు కదిలితే తానూ కదులుతాడు, వాళ్లు ఆగితే ఆగిపోతాడు.

క్రైస్తవ సంఘాలకు ఒక మాట విడిగా చెప్పాలి. బయట నిరీక్షణ అంటే ఎదురుచూడటం. బైబిలు తెలుగులో అదే మాటకు ఆశ అని అర్థం, ఊరికే అనుకునే ఆశ కాదు, గట్టి ఆధారం ఉన్న ఆశ. రోమా పత్రిక 5వ అధ్యాయంలో పౌలు శ్రమ, ఓర్పు, పరీక్ష, నిరీక్షణ అని వరసగా చెబుతాడు. వినికిడి తగ్గినవాళ్ల విషయంలో మన సంఘాలు మధ్యలోని పరీక్షను వదిలేసి నేరుగా నిరీక్షణకు వెళ్లిపోతున్నాయి. అదీ బయటి అర్థంలోని నిరీక్షణ. వినికిడి శిబిరం పెట్టేదాకా, మిషన్ బాగై వచ్చేదాకా, రోడ్డు తెరుచుకునేదాకా ఎదురుచూపే. పౌలు చెప్పింది అది కాదని వాక్యం చదివే ప్రతివారికీ తెలుసు.

ముందుగా హెచ్చరికల సంగతి. తుపాను వస్తుందంటే ఆటోకు మైకు కట్టి వీధి వీధి తిప్పుతాం. చర్చి గంట కొడతాం. ఈ రెండూ చెవితో పనే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పడవ మీద నుంచి కేక వేస్తే మేడ మీద ఉన్న బధిరుడికి వినపడదు. తలుపు కొట్టినా వినపడదు. అందుకని ప్రతి సంఘం తన పరిధిలో వినికిడి లేనివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. సంఘ సభ్యులవే కాదు, ఆ వీధిలో ఉన్న అందరివీ. ఒక్కో పేరు ఎదుట ఇద్దరి పేర్లుండాలి, ఒకరు ఊళ్లో లేకపోతే రెండోవారు వెళ్లేలా. వెళ్లినవాళ్లు రాత్రిపూట టార్చి కిటికీ మీద మూడు నాలుగు సార్లు ఆర్పి వెలిగించాలి. తలుపు తీశాక టార్చి ఎదుటివారి కళ్లలోకి కాదు, తమ ముఖం మీదికి తిప్పుకోవాలి. వినపడనివారు మాట్లాడేవారి పెదాలు చూస్తారు గనుక వెలుగు అక్కడ పడాలి. నిమిషం పట్టని ఈ పని కరెంటు పోయిన రాత్రి ఎవరికీ తట్టదు.

పేర్ల కాగితానికి తోడు ఇంకొకటి. సదరం ధ్రువపత్రం, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష ఫలితం ఉండే కాగితం), మిషన్ వెనక ఉండే సీరియల్ నంబరు, ఈ మూడూ ఫొటో తీసి ఇంట్లో ఫోన్‌లోనూ, వేరే ఊళ్లో ఉన్న బంధువు ఫోన్‌లోనూ ఉంచాలి. వరదలో ముందు పాడయ్యేది ఇనప్పెట్టెలో కాగితాలే. ఆడియోగ్రామ్ ఉంటే కొత్త మిషన్‌ను అదే రోజు దానికి తగ్గట్టు సెట్ చేయొచ్చు. లేకపోతే మళ్లీ పరీక్ష గదిదాకా వెళ్లాలి, మళ్లీ వరస.

ఇక తడిసిన మిషన్. ఎక్కువమంది చేసే తప్పు, పనిచేస్తుందో లేదో చూద్దామని వెంటనే ఆన్ చేయడం. లోపల నీళ్లుండగా కరెంటు పారితే లోపలి సర్క్యూట్ పలక మీద తీగలు తుప్పు పడతాయి. ముందు బ్యాటరీ తీసి పారేయాలి. అచ్చును (చెవిలో కూర్చునే ముక్కను), దాని ట్యూబును మిషన్ నుంచి విడదీయాలి. మిషన్‌ను పొడి నూలుగుడ్డతో తుడిచి, బ్యాటరీ తలుపు తెరిచే ఉంచి, సిలికా జెల్ ఉన్న మూత బిగుతు సీసాలో పెట్టి ఒకటి రెండు రోజులు కదపకూడదు. కాషాయం రంగు గింజలైతే తేమ పీల్చాక ఆకుపచ్చగానో తెల్లగానో మారతాయి. అప్పుడు వాటిని మార్చాలి. బియ్యంలో పెట్టమని చాలామంది చెబుతారు. బియ్యపు పిండి మైకు రంధ్రంలోకి దూరి కొత్త తంటా తెస్తుంది. హెయిర్ డ్రయ్యరు, పొయ్యి గట్టు, ఎర్రటి ఎండ, మూడూ పనికిరావు. వేడికి ప్లాస్టిక్కు వంగుతుంది, లోపలి జిగురు ఊడుతుంది. రెండు రోజుల తర్వాత కొత్త బ్యాటరీ వేస్తే పనిచేసినా ఒకసారి సాంకేతిక నిపుణుడికి చూపించాలి. తుప్పు నెమ్మదిగా పాకుతుంది, వారం తర్వాత ఆగిపోయే మిషన్లు ఉంటాయి. బ్యాటరీ తగిలే రేకుల మీద పచ్చటి పొర కనిపిస్తే పొడి ఇయర్‌బడ్‌తో మెల్లగా తుడవచ్చు. నీళ్లు, స్పిరిటు తగలనీయొద్దు.

అచ్చును మాత్రం కడగొచ్చు, కడగాలి కూడా. మిషన్ నుంచి విడదీసిన తర్వాతే గోరువెచ్చటి సబ్బు నీళ్లతో కడిగి రాత్రంతా ఆరబెట్టాలి. ట్యూబులో ఒక్క నీటి చుక్క నిలిచినా శబ్దం చెవిలోకి చేరదు. వానాకాలంలో మిషన్ చచ్చిపోయిందని తెచ్చేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి. రబ్బరు బంతిలాంటి చిన్న ఊదుడు బుడ్డితో ఆ చుక్క పోతుంది. మిషన్ తగిలించి ఉండగా ఊదకూడదు, తేమ లోపలికే పోతుంది. ట్యూబు పసుపురంగుకు తిరిగి గట్టిపడితే మార్చాల్సిందే. మన వేడికి మూడు నుంచి ఆరు నెలలకే ఆ స్థితికి వస్తుంది. కీచుమని కూత పెట్టే మిషన్లలోనూ చాలావాటికి కారణం ఈ మూడింటిలో ఒకటి. పగిలిన ట్యూబు, సరిగ్గా కూర్చోని అచ్చు, లేదా చెవిలో గుబిలి.

బ్యాటరీలో సైజు తప్పితే పని చెడుతుంది. స్టిక్కరు రంగే గుర్తు. పసుపు 10, గోధుమ 312, నారింజ 13, నీలం 675. చెవి వెనక పెట్టుకునే మామూలు మిషన్లకు ఎక్కువగా నారింజ, బాగా తక్కువ వినపడేవారి పెద్ద మిషన్లకు నీలం. రోజంతా వాడితే పసుపుది మూడు రోజుల నుంచి వారం, గోధుమది సుమారు వారం, నారింజది వారం నుంచి రెండు వారాలు, నీలానిది రెండు మూడు వారాలు వస్తుంది. ఇవి గాలితో పనిచేసే బ్యాటరీలు. స్టిక్కరు తీసి ఒకటి రెండు నిమిషాలు గాలికి ఉంచాక లోపల పెడితే పూర్తి కాలం నడుస్తాయి. తీసిన స్టిక్కరు మళ్లీ అంటిస్తే ప్రయోజనం ఉండదు, ఖర్చు మొదలైపోయింది. అందుకే సహాయ సంచుల్లో పంచేవారు ఎవరి సైజో ముందుగా కనుక్కొని స్టిక్కరు తీయకుండా ఇవ్వాలి. ఒక సంఘం పరిధిలో ఇరవై మంది మిషన్ వాడేవాళ్లుంటే మనిషికి రెండు చొప్పున నలభై బ్యాటరీలు, కొన్ని మీటర్ల ట్యూబు, రెండు ఊదుడు బుడ్లు, నాలుగు సిలికా జెల్ సీసాలు చాలు. అన్నీ కలిపి ఒక బిస్కెట్ డబ్బాలో పడతాయి. పాత బ్యాటరీలు పిల్లలకు అందనీయొద్దు. మింగినా, ముక్కులోనో చెవిలోనో దోపుకున్నా ఇంట్లో తీసే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లోపలి చర్మం గంటల్లో కాలిపోతుంది.

చార్జింగు మిషన్లు సౌకర్యమే, కాదనం. కానీ తుపాను తర్వాత నాలుగైదు రోజులు కరెంటు రాని లంక గ్రామంలో అవి పెట్టెలో వస్తువులే. ఆ ఊళ్లలో కొత్తగా కొనేవారికి బ్యాటరీ మార్చుకునే రకమే తీసుకోమని చెప్పడం మంచిది. ఇప్పటికే చార్జింగుది ఉంటే, చార్జరు యూఎస్‌బీ తీగతో నడిచేదైతే పవర్ బ్యాంకుతో నడిపించవచ్చు. ఆ పవర్ బ్యాంకును తుపానుకు ముందురోజే నింపి, సినిమాలు చూడకుండా దాచిపెట్టే మనిషి ఇంట్లో ఒకరుండాలి!

మిషన్ల కంటే ముందు చెవులు. మురుగునీళ్లలో తిరిగాక పాత చీము చెవి మళ్లీ కారుతుంది. కారే చెవిలో అచ్చు పెడితే చీము బయటికి రాక రోగం ముదురుతుంది. రెండో చెవికి మిషన్ పనికొస్తే తాత్కాలికంగా అటు మార్చాలి. శుభ్రమైన నూలుగుడ్డను వత్తిలా మెలిపెట్టి చీము పీల్చి తీసేయాలి. వత్తి తడిసినకొద్దీ కొత్తది పెడుతూ పొడిగా వచ్చేదాకా చేయాలి. స్నానానికి ముందు వాజలైన్ రాసిన దూది చెవికి అడ్డం పెట్టుకోవాలి. కాచిన కొబ్బరినూనె, వెల్లుల్లి రసం, ప్రార్థన నూనె, ఏదీ లోపల పోయకూడదు. కర్ణభేరికి రంధ్రం ఉంటే అది నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది.

దానికన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. నిన్నటిదాకా బాగున్న ఒక చెవి ఈ ఉదయం ఉన్నట్టుండి మూసుకుపోయినట్టు, హోరుమన్నట్టు అనిపిస్తే అది గుబిలి అయినా కావొచ్చు, నరానికి వచ్చిన అత్యవసర స్థితి అయినా కావొచ్చు. రెండోదైతే మొదటి రెండు మూడు రోజుల్లో చెవి, ముక్కు, గొంతు డాక్టరు స్టెరాయిడ్ మొదలుపెడితే తిరిగి వచ్చే అవకాశం మెరుగు. రెండు వారాలు దాటితే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. ఉపవాస కూడికలు అయ్యాక చూద్దాం, వరద తగ్గాక చూద్దాం అనుకునేలోగా ఆ గడువు దాటిపోతుంది. ప్రార్థన బస్సులో కూర్చొని కూడా చేసుకోవచ్చు.

వినికిడి పరీక్ష శిబిరాల గురించి కొంచెం కటువుగానే రాయాల్సి వస్తోంది. ఒక్క పూటలో నూట యాభై మందికి పరీక్ష, సాయంత్రానికి మిషన్లు, వేదిక మీద ఫొటో. పరీక్ష జరిగిన హాల్లో ఫ్యాన్లు, బయట జనరేటర్, పక్కన భోజనాల సందడి. అంత చప్పుడులో మెల్లటి శబ్దం ఎవరికీ వినపడదు, దాంతో ఉన్న లోపం కంటే ఎక్కువ కాగితం మీదికెక్కుతుంది. ఎక్కువ శక్తితో సెట్ చేసిన మిషన్ పెట్టుకోగానే గిన్నెల చప్పుడు తలలో మోగుతుంది. మూడో రోజుకు మిషన్ గూట్లోకి చేరుతుంది. చర్చిలో పరీక్ష పెట్టాలంటే పెద్ద హాలు వద్దు, లోపలి చిన్న గది కావాలి. ఫ్యాన్ ఆపి, కిటికీలకు మందపాటి దుప్పట్లు కట్టి, జనరేటర్‌ను అవతలి గోడ వెనక్కు తోయాలి. పూటకు పాతిక మందికి మించి పిలవొద్దు. రెండు వారాలకు ఒకసారి, రెండు నెలలకు మరోసారి అదే మనుషులను మళ్లీ చూడాలి. మళ్లీ చూడలేమనుకుంటే మొదట ఇవ్వకపోవడమే మేలు.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో చెవిటివాడిని యేసు ఏంచేశాడో గమనించండి. గుంపులోనుంచి పక్కకు తీసుకువెళ్లాడు. మాట వినపడనివాడు గనుక చెవుల్లో వేళ్లు పెట్టి, నాలుక ముట్టి, ఆకాశం వైపు చూసి, ఏం జరగబోతోందో చేతలతో తెలియజేశాడు. ఆ తర్వాతే ఎప్ఫతా, అంటే తెరవబడుము, అన్నాడు. ఎవరితోనూ చెప్పొద్దని కూడా అన్నాడు. అక్కడ మైకు లేదు, వేదిక లేదు. స్వస్థత సభల్లో మిషన్ తీసేసి వేదిక ఎక్కమనే బోధకులు ఆ ఏడు వచనాలు మరోసారి చదవాలి. స్వస్థత దేవుని చేతిలోనిది, మిషన్ తీసేయించే అధికారం మాత్రం వేదిక మీద ఉన్నవారికి లేదు.

ఆరాధన జరిగే చోటు కూడా చూసుకోవాలి. వినుట వలన విశ్వాసము కలుగునని గోడ మీద రాసుకుంటాం, కింద కూర్చున్నవారికి వినపడుతోందా అని అడగం. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి సన్నటి, ఎత్తు శబ్దాలు. అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. పాపం, తాపం, శాపం, ముసలమ్మ చెవికి మూడూ ఒకటే మాట. పాస్టరుగారు గొంతు పెంచితే పెరిగేది అచ్చుల మోతే. కాస్త నెమ్మదిగా, మాట మాటకూ ఎడమిచ్చి, మైకు పెదాలకు అడ్డం రాకుండా గడ్డం కిందుగా పట్టుకొని చెబితే సగం పని అయిపోతుంది. రేకుల షెడ్డు మీద వాన కొడుతుంటే ఇక ఏ మిషనూ పనిచేయదు, అది వాన చప్పుడునే పెద్దది చేస్తుంది. దూరం రెట్టింపయినకొద్దీ మాట సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, వాన చప్పుడు మాత్రం హాలంతా ఒకేలా ఉంటుంది. దీనికి విరుగుడు మాటను చెవి దగ్గరికి తేవడం. చేతిలో పట్టే చిన్న యాంప్లిఫయరు, హెడ్‌ఫోను, బోధకుడి కాలరుకు మైకు. ఇరవై ముప్పై కుటుంబాల సంఘానికి ఇలాంటివి రెండు సెట్లు చాలు. పెద్ద చర్చిలైతే నేల చుట్టూ రాగి తీగ పరిచి లూపు పెట్టించుకోవచ్చు. అది మిషన్‌లో టెలికాయిల్ (లూపు నుంచి మైకు మాటను నేరుగా అందుకునే చిన్న తీగచుట్ట) ఉన్నవారికే ఉపయోగం, కొత్త చిన్న మిషన్లు చాలావాటిలో అది లేదు. ముందు ఎంతమందికి ఉందో లెక్క చూసుకోకుండా డబ్బు పోయొద్దు. ఆ మాటకొస్తే పాత మిషన్లలో ఓ (ఆఫ్), టీ (టెలికాయిల్), ఎం (మైకు) అని మూడు స్థానాల మీట ఉంటుంది. అది పొరపాటున టీ మీద ఉండిపోతే బయటి మాట ఏదీ వినపడదు. పాడైందని మూలన పడేసినవాటిలో ఇలాంటివీ కొన్ని ఉంటాయి, మీట ఎం మీదికి జరిపితే చాలు.

స్పీకర్ల మోత సంగతీ ఇక్కడే. పాటలు పాడే సభల్లో సగటు శబ్దం పదిహేను నిమిషాల లెక్కన 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. ఫోన్‌లో కొలిచే యాప్ ఉంది, డ్రమ్ము వాయించే తమ్ముడి పక్కన ఒకసారి పెట్టి చూడండి.

2020 లాక్‌డౌన్ కొన్ని పాఠాలు నేర్పింది. అప్పుడు దుకాణాలు మూతపడి బ్యాటరీలు దొరకలేదు, మాస్కులు పెదాలను కప్పేశాయి. మామూలు మాస్కు ఎత్తు శబ్దాలను 3, 4 డెసిబెల్స్, ఎన్95 సుమారు 12 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది. మాస్కు తీసేటప్పుడు చెవి వెనక మిషన్ ఎగిరి పడిపోయేది కూడా. తలవెనక కట్టుకునే తాళ్ల మాస్కు దానికి పరిష్కారం. ఫోన్ ద్వారా దూరం నుంచి మిషన్ సరిచేసే పద్ధతి అప్పుడే ఊపందుకుంది. అన్ని మిషన్లకూ ఆ వీలు లేదు గనుక కొనేటప్పుడే అడగాలి. మాటను అక్షరాలుగా చూపించే గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగులో బాగానే పనిచేస్తుంది, మామూలు మాటల వరకు. బైబిలు గ్రాంథికం దగ్గర మాత్రం తికమకపడుతుంది. ప్రసంగానికి ముందు వచనాల సంఖ్యలు బోర్డు మీద రాస్తే దాని అవసరమే ఉండదు.

పిల్లల విషయంలో ఆలస్యం పనికిరాదు. మాట నేర్చే వయసులో నెల రోజులు మిషన్ ఆగితే ఆ నెల రోజుల మాటలూ ఆగినట్టే. అమ్మ రోజూ ఉదయం ఆరు శబ్దాలతో పరీక్షించాలి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. మీటరు దూరంలో, కాగితం నోటికి అడ్డం పెట్టి, ఊపిరి పిల్లవాడికి తగలకుండా ఒక్కొక్కటి పలకాలి. వినపడగానే పిల్లవాడు డబ్బాలో ఒక చింతపిక్క వేయాలి. నిన్నటిదాకా విన్న స్, ష్ ఇవాళ వినకపోతే ట్యూబులో తడి, బ్యాటరీ నీరసం, చెవిలో జలుబు నీరు, ఈ మూడింటిలో ఒకటి అనుమానించాలి. ఎదిగే పిల్లల అచ్చు కొన్ని నెలలకే వదులవుతుంది. కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఆపరేషన్ ప్రభుత్వ పథకంలో ఉచితంగా జరిగినా తర్వాత తెగే కేబులు, పాడయ్యే కాయిలు ఆ తల్లిదండ్రుల నెత్తినే పడతాయి. పండుగ కానుకల్లో కొంత ఈ కేబుళ్లకు తీసిపెట్టే సంఘాలు రావాలి.

ఇవన్నీ చేయడానికి ఆసుపత్రి కట్టనక్కర్లేదు. సంఘానికి ఇద్దరు యౌవనస్థులను ఎంచి, జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ (పిల్లల్లో లోపాలను ముందుగా గుర్తించే) కేంద్రానికో, దగ్గరలో ఉన్న ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గరికో ఒక పూట పంపితే ట్యూబు మార్చడం, బ్యాటరీ సైజు గుర్తుపట్టడం, తడి ఆరబెట్టడం వచ్చేస్తాయి. చెవిలో గుబిలి తీయడం మాత్రం వాళ్లు ముట్టుకోకూడదు.

మీ పత్రికకు ఒక విన్నపం. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున జిల్లా సంచికల్లో జాగ్రత్తలు వేస్తారు కదా, తాగునీరు కాచుకోండి, పాములతో జాగ్రత్త అని. ఆ డబ్బాలో నాలుగు పంక్తులు కలపండి. ఒకటి, మిషన్, రెండు బ్యాటరీలు, ఆడియోగ్రామ్ కలిపి ప్లాస్టిక్కు సంచిలో కట్టి మెడలో వేసుకోండి. రెండు, తడిస్తే ఆన్ చేయకండి, బ్యాటరీ తీసేయండి. మూడు, పక్కింట్లో వినపడనివారుంటే మీరే వెళ్లి భుజం తట్టి చెప్పండి. నాలుగు, బ్యాటరీ స్టిక్కరు రంగు, సైజు: పసుపు 10, గోధుమ 312, నారింజ 13, నీలం 675. అక్షరాలు కాస్త పెద్దవిగా వేయండి, చదివేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే.

ఇట్లు,
వినికిడి సేవల్లో పనిచేస్తున్న కొందరు క్రైస్తవ ఆడియాలజిస్టులు, సహాయకులు
ఏలూరు